మార్చిన తుంటికీలు ఎన్నేండ్లు ఆగును?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



దోమలను గురించియు, త్రాగునీటిని గురించియు మాకన్న బాగుగ చెప్పగలవారు నిన్నటి దినమున మీతో మాటలాడియున్నారు. మేము ఎముకల వైద్యులము. మాకు తెలిసినది చిన్న విషయము. అయితే ఆ చిన్న విషయమును మీ గ్రామములలోని వారు మమ్ము మరల మరల అడుగుచున్నారు కాబట్టి, దానినే నేడు మీ ముందుంచుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట ఒక రైతు మావద్దకు వచ్చెను. అరువది దాటిన మనిషి. తుంటికీలు అరిగిపోయి, గట్టుమీద నాలుగడుగులు వేయలేని స్థితి. కీలు మార్చవలెనని చెప్పితిమి. ఖర్చెంత అని అతడు అడుగలేదు, నొప్పి యుండునా అని అడుగలేదు. "అయ్యా, ఇది ఎన్నేండ్లు ఆగుతుంది?" అని అడిగెను. బండికి ఇరుసు కొన్నప్పుడు ఏ ప్రశ్న వేయునో ఆ ప్రశ్నయే వేసెను. అది సరియైన ప్రశ్న. చికిత్స చేయు వైద్యుడు దానికి అంకెలతో సమాధానము చెప్పగలిగి యుండవలెను. చెప్పలేనిచో మరియొక వైద్యుని అడుగుట మంచిది.

ముందు ఆ కీలు ఎట్లున్నదో చూతము. మీ యింట రుబ్బురోలును, పొత్రమును తలచుకొనుడు. తొడయెముక పైకొన గుండ్రముగా పొత్రమువలె నుండును. కటి యెముకలో రోలువంటి గుంట యున్నది. గుండు ఆ గుంటలో తిరుగుచుండును. రెంటిమీదను నున్నని మృదులాస్థి పొర, మధ్య జిగటనీరు. ప్రకృతి పెట్టిన కందెన అది. ఆ పొర అరిగిపోయినప్పుడు, ఎముక ఎముకను రాచుకొనును. అప్పుడు నడక నరకమగును. కీలు మార్పిడి యనగా గుండును కోసి తీసివేసి, లోహపు కాడ గలిగిన క్రొత్త గుండును తొడయెముక గొట్టములో దింపి, గుంటలో క్రొత్త గిన్నెను అమర్చుట.

చెప్పుటకు ఇంతే. అయితే రోలును కక్కు కొట్టించిన మరునాడు రుబ్బిన పిండి మీలో ఎవరైనను తిన్నచో, పంటిక్రింద రాతిపొడి తగిలి యుండును. రెండు వస్తువులు రాచుకొన్నచోట పొడి రాలక తప్పదు. రోటిలోని పొడిని కడిగి పారబోయవచ్చును. శరీరములో రాలిన పొడి ఎక్కడికి పోవును? ఈ అరువది యేండ్ల కథయంతయు ఆ పొడి కథయే.

ఇంగ్లండు దేశమున లాంకషైరు ప్రాంతములో రైటింగ్టన్ అను ఆసుపత్రి గలదు. మొదట అది క్షయరోగుల ఆసుపత్రి. అక్కడ జాన్ ఛార్న్లీ అను వైద్యుడు పనిచేసెను. ఆయనకు ఈ పనిమీద దృష్టి మరలించినది ఒక కిర్రుచప్పుడు. ఆ రోజులలో పారిసు వైద్యులగు జూడే సోదరులు 1946లో కనిపెట్టిన ఆక్రిలిక్ గుండు వాడుకలో నుండెను. దానిని పెట్టించుకొన్న ఒకాయన భోజనపుబల్లవద్ద ముందుకు వంగినప్పుడెల్ల తుంటి కిర్రుమనుచుండెనట; ఆ చప్పుడు భరింపలేక భార్య ఆయనతో కూర్చుండుటయే మానుకొనెనట. కందెన లేని బండి చప్పుడు మీకు తెలియును. ఛార్న్లీ దానిని విని నవ్వి ఊరకుండక, రాపిడిని గురించి ఆలోచింప మొదలుపెట్టెను.

గుండు చిన్నదైనకొలది రాపిడి తగ్గునని ఆయన లెక్కవేసెను. అందుచేత 22 మిల్లీమీటర్లకు కొంచెము మించిన చిన్న ఉక్కుగుండును ఎన్నుకొనెను. గిన్నెకు, మిక్కిలి జారుడుగుణము గల టెఫ్లాన్ అను పదార్థమును వాడెను. ఇప్పుడు వంటింటి పెనములకు పూసెడి పదార్థమదే. కాడను ఎముకలో నిలుపుటకు దంతవైద్యులు వాడు ఆక్రిలిక్ ముద్దను తెచ్చెను. దానిని వైద్యులు సిమెంటు అందురు గాని, అది బంకవలె అతుకునది కాదు. రాళ్ళ సందులలో కూరిన సున్నమువలె ఖాళీని నింపి, బరువును అంతటికి పంచును.

1958 మొదలు 1962 వరకు సుమారు 300 మందికి టెఫ్లాన్ గిన్నెలు పెట్టిరి. మంచము పట్టినవారు లేచి నడచిరి. ఆసుపత్రి అంతటను పండుగ. మూడు నాలుగేండ్లు గడచునప్పటికి నొప్పులు మరల వచ్చెను. తెరచి చూడగా గిన్నె అరిగి, చుట్టును జున్నువంటి ముద్ద పేరుకొని, ఎముకను తినివేసి యున్నది. అరిగిన టెఫ్లాన్ పొడివలన వచ్చిన కీడు అది. తాను పెట్టిన గిన్నెలను ఛార్న్లీ తానే తీసివేయవలసి వచ్చెను. తరువాత ఆ పొడిని తన తొడలోనికే సూదితో ఎక్కించుకొని, శరీరము దానిని ఎట్లు ఎదుర్కొనునో పరీక్షించుకొనెను. ఇట్టి వైద్యులను గూర్చి మేము చదివినప్పుడు మా వృత్తియెడల గౌరవమును, కొంత సిగ్గును రెండును కలుగును.

అప్పుడొక సంగతి జరిగెను. నేతపని చేయు ఊళ్ళనుండి వచ్చినవారు దీనిని శ్రద్ధగా వినుడు. లాంకషైరు బట్టలమిల్లులలో మగ్గముల పండ్లచక్రములకు ఒక క్రొత్త ప్లాస్టిక్కును వాడుచుండిరి. పేరు పాలిఎథిలీను, అందును మిక్కిలి గట్టిరకము. దాని ముక్కను ఒక వర్తకుడు ఆసుపత్రికి తెచ్చెను. ఛార్న్లీ బొటనవ్రేలి గోటితో దానిని గ్రుచ్చి చూచి, పనికిరాదని వెళ్ళిపోయెను. ఆయన యంత్రశాలలో హారీ క్రేవెన్ అను పనివాడు మాత్రము, దొరగారు ఊరిలో లేని సమయమున, ఆ ముక్కను అరుగుదల పరీక్ష యంత్రములో పెట్టెను. యంత్రము మూడువారములు రేయింబవళ్ళు తిరిగినను, టెఫ్లాన్ ఒక్క దినములో అరిగినంత కూడ అది అరుగలేదు. 1962 నవంబరులో ఆ పదార్థముతో చేసిన గిన్నెను మొదటిసారి మనిషికి అమర్చిరి. ఈనాటికిని ప్రపంచమందు ఎక్కువ గిన్నెలు ఆ జాతి పదార్థముతో చేసినవే.

ఒకసారి దెబ్బతిన్న ఛార్న్లీ ఈసారి తొందరపడలేదు. ఏండ్ల తరబడి ఆ కీలును తనవద్ద వచ్చి నేర్చుకొన్న వైద్యులకు మాత్రమే అమ్మనిచ్చెను. రోగులను మరియొక కోరిక కోరెను: మరణానంతరము ఆ కీలును తమకు తిరిగి యిచ్చునట్లు ముందే ఒప్పుకొనవలెనని. అనేకులు సంతోషముగా ఒప్పుకొనిరి. ఇరువది సంవత్సరములు మనిషితో నడచిన గిన్నె ఎంత అరిగినదో సూక్ష్మదర్శినిలో చూచుటకు అంతకన్న మంచి మార్గము లేదు గదా.

ఆ పాత పాలిఎథిలీను గిన్నె సుమారుగా ఏడాదికి మిల్లీమీటరులో పదవవంతు అరుగును. అది అల్పమే. కాని కీలు మార్చుకొన్న మనిషి ఆ కాలితో ఏడాదికి ఇంచుమించు 10 లక్షల అడుగులు వేయును. పొలము పనిచేయువాడు ఇంకను ఎక్కువ వేయునని మా అనుమానము. అడుగడుగున కంటికి కనబడని రేణువులు రాలును. శరీరములో కాపలాకాయు కణములు వానిని మ్రింగును గాని జీర్ణించుకొనలేవు. వాని రోషము ప్రక్కనున్న ఎముకమీద పడును. ఎముక మెల్లగ కరగును. పునాది చుట్టును చెద పట్టిన ఇంటివలె, పైకి అంతయు బాగుగనే యుండును, ఒకనాడు స్తంభము వదులగును. ఈ కరగుట ఏండ్ల తరబడి నొప్పి లేకుండ జరుగవచ్చును. ఈ ఒక్క మాటను మీరు గ్రామమునకు తీసికొనిపోయినచో మా ప్రయాణపుఖర్చు గిట్టినట్లే.

1990 దశకము చివరనుండి, పాలిఎథిలీనును కిరణములతో గట్టిపరచి, దాని పోగులను ఒకదానితో ఒకటి ముడివేసిన క్రొత్తరకము వాడుకలోనికి వచ్చినది. దాని అరుగుదల పాతదానికన్న చాల తక్కువ. పింగాణి గుండ్లును వచ్చినవి. అవి మిక్కిలి నున్ననివి, అరుదుగ పగులును. సిమెంటు లేకుండ, గరుకైన పైభాగములోనికి ఎముకయే పెరిగి పట్టుకొను కాడలును వచ్చినవి. ఏది ఎవరికి తగినదో వైద్యుడు చెప్పవలెను. క్రొత్తది గనుక మంచిదని మాత్రము ఎవరైనను చెప్పినచో నమ్మవలదు. దానికి కారణమును ఇప్పుడే చెప్పెదము.

లోహపు గుండు లోహపు గిన్నెలో తిరిగినచో ప్లాస్టిక్కు పొడియే ఉండదుగదా యని కొందరు తలచిరి. ప్రయోగశాల యంత్రములలో అవి బహుబాగుగ తిరిగెను. అట్టివానిలో ఏ.ఎస్.ఆర్. అను పేరుగల కీలు ఒకటి. మనుష్యులలో పెట్టిన పిమ్మట, గిన్నె అంచు రాచుకొని కోబాల్టు, క్రోమియము లోహములు రక్తములోనికి చేరెను. చుట్టునున్న కండ చచ్చెను. ఆస్ట్రేలియాలో దానిని 2009లోనే అమ్మకమునుండి తీసివేసిరి. ఇంగ్లండు, వేల్సుల రిజిస్టరులో, అయిదేండ్లలోపల నూటికి 12, 13 మందికి మరల శస్త్రచికిత్స చేయవలసి వచ్చినట్లు తేలెను. 2010 ఆగస్టులో ప్రపంచమంతటను దానిని వెనుకకు తీసికొనిరి. మనదేశమున సుమారు 4,700 మందికి ఆ కీలు పెట్టియుండిరి. కేంద్రప్రభుత్వము నిపుణుల సంఘమును నియమించి, 2018లో బాధితులకు 30 లక్షలనుండి 1 కోటి 23 లక్షల రూపాయలవరకు పరిహారము చెల్లించు పద్ధతిని నిర్ణయించెను.

పరిహారము నిర్ణయమైనది. పుచ్చుకొనువారు ఏరి? ఆ 4,700 మందిలో సుమారు 3,600 మంది ఆచూకీ దొరకలేదు. ఎవరి శరీరములో ఏ కీలు ఉన్నదో తెలుపు కాగితము లేదు. ఎద్దును కొన్నప్పుడు కూడ సంతచీటిని దాచుకొను మనము, శరీరములో పెట్టిన వస్తువు చీటిని దాచుకొనమైతిమి. తప్పు రోగిది మాత్రమే కాదు. ఆ చీటిని చేతికిచ్చి, దీనిని దాచుకొనుమని చెప్పని మావారిదియు ఉన్నది. ఒప్పుకొనుచున్నాము.

మావద్దకు వచ్చిన ఒక సంగతి చెప్పెదము. తొమ్మిదేండ్ల క్రిందట వేరొకచోట కీలు మార్చుకొన్న స్త్రీ తొడ నొప్పితో వచ్చెను. ఎక్సురేలో కాడ వదులై, చుట్టు ఎముక కరగి యున్నది. ఆ కీలు ఏ జాతిది, ఏ కొలతది యని అడిగితిమి. ఇల్లు మారినప్పుడు కాగితములు పోయినవనెను. ఆ ఆసుపత్రికి వ్రాసితిమి. పాత దస్త్రములు లేవని జవాబు వచ్చెను. కీలు పేరు తెలిసియున్నచో గిన్నెలోని అస్తరు మాత్రము మార్చి సరిపెట్టుటకు వీలుండెడిదేమో. తెలియకపోవుటచే అన్నిరకముల పనిముట్లను తెప్పించి, అంతయు తీసివేసి, క్రొత్తది పెట్టవలసివచ్చెను. ఆమె నడచుచున్నది. అయితే చేతికఱ్ఱ విడువలేదు.

రిజిస్టరు అని పైన అంటిమి. పంచాయతీవారికి రిజిస్టరు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. స్వీడను దేశమున 1979నుండి, మార్చిన ప్రతి తుంటికీలును జనన మరణముల వలె నమోదు చేయుచున్నారు. ఆస్ట్రేలియాలో 1999లోను, ఇంగ్లండులో 2003లోను అట్టివి మొదలయ్యెను. చెడ్డకీలును పట్టి యిచ్చినవి ఈ పుస్తకములే. మన రైతు అడిగిన ప్రశ్నకు జవాబును ఇచ్చినవియు అవియే. ఆస్ట్రేలియా, ఫిన్లాండు దేశముల రిజిస్టరులను కలిపి లెక్కించి 2019లో ప్రకటించిన అంకెలు ఇవి: నూరు కీళ్ళలో 15 ఏండ్ల తరువాత 89 చెక్కుచెదరక యున్నవి, 20 ఏండ్లకు 70, 25 ఏండ్లకు 58.

ఈ అంకెలను వినునప్పుడు రెండు సంగతులు మరువరాదు. ఇరువదియైదేండ్లు నిలిచిన కీలు ఇరువదియైదేండ్ల క్రిందటి సరుకు. నేటి గట్టిపరచిన గిన్నెలు ఇంకను ఎక్కువకాలము నిలుచునని మేము ఆశించుచున్నాము గాని, కాలమే గడువవలెను. ఇక రెండవది, ఆ దేశములవారు మనవలె గొంతుకూర్చుండరు, బాసిపెట్టు వేసికొని భోజనము చేయరు, వరినాట్లు వేయరు. వారి అంకెలు మనకు దారిచూపును గాని మన అంకెలు కావు.

వయస్సు మరియొక లెక్క. ఇంగ్లండు రోగులను పరిశీలించి 2017లో చెప్పిన దానిని బట్టి, డెబ్బదేండ్లు దాటి కీలు మార్చుకొన్నవారిలో జీవితకాలమున మరల మార్చవలసి వచ్చునది నూటికి సుమారు అయిదుగురికే. ఏబదికి కొంచెము పైబడిన మగవారిలో నూటికి 35 మంది వరకు. వృద్ధునితో కీలు జీవితాంతము నడచును. నడివయస్సువానికి కీలుకన్న ఆయువే ఎక్కువ. రెండవసారి చికిత్స మొదటిదానివంటిది కాదు. ఎముక తక్కువ, ఖర్చు ఎక్కువ, నిలుచు కాలమును తక్కువ.

మనప్రాంతమున మమ్ము కలవరపెట్టునది ఇదియే. మావద్దకు వచ్చువారిలో ముప్పది, నలుబదేండ్లవారు అనేకులు. తొడయెముక తలకు రక్తము అందక, అది చచ్చి కుప్పకూలుటచే వచ్చువారు. కారణములలో ముఖ్యమైనవి రెండు, రెండును మీ యెరుకలోనివే. ఒకటి సారాయి. మరియొకటి స్టీరాయిడు మందులు. ఒళ్ళునొప్పులకు, ఉబ్బసమునకు, దురదలకు ఊరిలో ఎవరో ఒకరిచ్చు పేరులేని రంగుబిళ్ళలలోను, వెంటనే హాయినిచ్చు సూదులలోను అవి చాలసార్లు ఉండును. అవసరమైన జబ్బునకు వైద్యుడు కొలతతో ఇచ్చునది వేరు, దానిని భయపడి మానరాదు. నెలల తరబడి అడ్డదిడ్డముగ మ్రింగినది వేరు. మన్యప్రాంతములలో సికిల్‌సెల్ అను రక్తవ్యాధివలన కూడ యువకులకు తుంటి చెడును. పిల్లవాడు కుంటుచున్నచో, మోకాలు నొప్పియని చెప్పినను, తుంటిని కూడ చూపించవలెను. తుంటినొప్పి మోకాలిలో పలుకుట మాకు నిత్యానుభవము.

కీలు పెట్టించుకొన్నవారి ఇంట ఏమి ఉండవలెను? శస్త్రచికిత్సనాడు కీలు పెట్టెమీదనుండి ఊడదీసిన అంటుచీటీలు కొన్ని ఉండును. వానిమీద తయారీదారు పేరు, కొలత, వరుససంఖ్య అచ్చువేసి యుండును. ఒకటి ఆసుపత్రి దస్త్రములో అంటింతురు. రెండవదానిని అడిగి తీసికొని, రేషనుకార్డుతోపాటు దాచవలెను. నకలును ఫోనులో ఫోటోతీసి కొడుకువద్దను, కూతురువద్దను ఉంచవలెను. ఆరోగ్యకార్యకర్త పుస్తకములో కూడ సంఖ్య వ్రాయించుట మీచేతిలోని పని. అమర్చిన పరికరములవలన కలిగిన హానిని తెలిపికొనుటకు మనదేశమునను 2015నుండి ఘజియాబాదులోని భారత ఔషధసంహితా సంఘముద్వారా ఒక వ్యవస్థ యున్నది. చీటి లేనివాడు దానికి ఏమి వ్రాయగలడు?

నొప్పి లేకున్నను, వైద్యుడు చెప్పిన వాయిదాకు ఎక్సురే తీయించవలెను. కారణమిదివరకే చెప్పితిమి. ఏండ్లపాటు నెమ్మదిగ నున్న తొడలోగాని గజ్జలోగాని క్రొత్తగ నొప్పి పుట్టినను, కాలు కురచయైనట్లు తోచినను, గాయపుమచ్చనుండి చీము కారినను, మాలీషు చేయువానివద్దకు పోరాదు. కాలిపుండు, పంటిచీము, మూత్రపు మంట మొదలగువానిని తేలికగ తీసికొనరాదు. అక్కడి క్రిమి రక్తముద్వారా కీలుకు చేరవచ్చును. చక్కెరవ్యాధి గలవారికి ఈ భయము మరింత.

గొంతుకూర్చుండుటను గురించి మమ్ము అడుగనివారు లేరు. కీలు పెట్టిన తొలినెలలలో బాగుగ ముడుచుకొని కూర్చున్నచో గుండు గిన్నెనుండి జారవచ్చును. తరువాతకూడ ఎంతవరకు వంగవచ్చునో ఎవరి వైద్యుని వారు అడుగవలెను. ఈ విషయమున పంచాయతీ చేయదగిన పని ఒకటి యున్నది, ఖర్చు కొద్ది. గ్రామములో కట్టు సామూహిక మరుగుదొడ్లలో ఒక్కటైనను ఎత్తైన పీఠము గలదిగ కట్టి, గోడకు పట్టుకొనుటకు ఒక ఇనుపకడ్డీ బిగింపుడు. పంచాయతీ కార్యాలయపు మెట్లకును ఒక కడ్డీ. ఒక గ్రామమున సర్పంచిగారు కడ్డీ బిగించిన మరునాటినుండి, కీలు మార్చుకొన్న ఇద్దరికన్న, మార్చుకొననివారే ముందుగ వాడుకొనుచున్నారని మాకు చెప్పిరి.

ఉచితశిబిరమని వచ్చి, ఎక్సురే చూచినవెంటనే రేపే కీలు మార్చవలెనను వారును ఉన్నారు. విరిగిన తుంటి వేరు. అది ఆలస్యమునకు ఓర్వదు, ముసలివారిని వీలైనంత త్వరగ పంపవలెను. అరిగిన తుంటికి అంత తొందరలేదు. కఱ్ఱ, బరువు తగ్గుట, వ్యాయామము, మందు ఇవి కొన్నాళ్ళు నడపిన కొలది, మార్చిన కీలు మోయవలసిన ఏండ్లు తగ్గును. అయితే నడకయే లేక, నిద్రయే లేక, ఏడ్చుచు కూర్చుండువానిని ఇంకను ఆగుమనుట కూడ న్యాయము కాదు. ఎప్పుడు అనునది రోగి తన వైద్యునితో కూర్చుండి తేల్చుకొనవలసినది. అప్పుడు ఏ కీలు పెట్టెదరు, దానిని ఎన్నేండ్లనుండి వాడుచున్నారు, రిజిస్టరులలో దాని నడత యెట్లున్నది, చీటి ఇచ్చెదరా అని నిర్భయముగ అడుగుమని మీరు చెప్పుడు.

మొదట చెప్పిన రైతుకు మేమిచ్చిన జవాబు ఇది: "నీ వయస్సుకు ఇది నీతోనే వచ్చునని మా లెక్క. రాకపోవుటకును కొంత వీలున్నది." అతడు తలయూపి, ఏడాది ఆగి, కోతలైన పిమ్మట వచ్చి చేయించుకొనెను. పదకొండవ యేటి ఎక్సురే మొన్న తీసితిమి. గిన్నెలో అరుగుదల కంటికి కనబడుటలేదు. చీటి ఏదియని అడుగగా, పట్టాదారు పాసుపుస్తకమునుండి తీసి చూపెను.